లోడు లారీతో ఘాట్ ఎక్కడం, దిగడం: డెల్టా డ్రైవర్ల కోసం

కోనసీమలోనో భీమవరం చుట్టుపక్కలో బండి నేర్చుకున్నవాళ్లకు ఎత్తు అంటే జొన్నాడ దగ్గర గౌతమి వంతెన, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన. అంతకు మించి నేల లేవదు. ఇరుకు కాలువ గట్టు మీద ఎదురొచ్చిన ట్రాక్టరుకు దారిచ్చి, రెండు చక్రాలు అంచున పెట్టి బండి జారకుండా తీసుకుపోవడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. కాకపోతే ఆ చదును నేల ఒక అలవాటు కూడా నేర్పుతుంది. వేగం తగ్గాలంటే బ్రేకు తొక్కడం. ఇక్కడ ఒకసారి తొక్కితే ఆ వేడి చల్లారడానికి మళ్లీ పది కిలోమీటర్లు దొరుకుతాయి. ఘాట్ మీద దొరకవు.

ఒక లెక్క చూడండి. లోడుతో కలిపి 28 టన్నులున్న పది చక్రాల లారీ 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకుందాం. ఆ దిగుడులో పుట్టే శక్తి, 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న అదే లారీని 35 సార్లు పూర్తిగా ఆపినంత. టైర్ల రాపిడికి, గాలికి కొంత పోతుంది. మిగిలిందంతా ఇంజిన్ అయినా మింగాలి, బ్రేకు డ్రమ్ములైనా మింగాలి. అరగంటలోపు 35 సార్లు బండిని నిలబెడితే ఏ డ్రమ్మూ తట్టుకోదు. అందుకే ఘాట్ మీద బండిని గేరుతో పట్టి ఉంచి, బ్రేకును అప్పుడప్పుడు మాత్రమే వాడుకోవాలి. కింద చెప్పేదంతా దీని కోసమే.

ఏ దారిలో ఎక్కడ దిగుతారో ముందే తెలుసుకోండి

హౌరాకు పోయే చేపల లారీకి 16వ నంబరు జాతీయ రహదారి మీద పెద్ద ఘాట్ తగలదు. రాయ్‌పూర్ వైపు బియ్యమో కొబ్బరికాయలో వేసుకుని వెళ్లేవాళ్ల సంగతి వేరు. విజయనగరం నుంచి 26వ నంబరు రోడ్డు పట్టుకుంటే సాలూరు దాటాక పి.కోనవలస ఘాట్ మొదలై, సుంకి మీదుగా పొట్టంగి వైపు ఎక్కిస్తుంది. కొరాపుట్ నుంచి జైపూర్‌కు దిగుడు. జగదల్‌పూర్ తర్వాత 30వ నంబరు రోడ్డులో కొండగావ్ దాటాక కేశ్‌కాల్ ఘాట్, అదీ కాంకేర్ వైపు దిగుడే. అంటే లోడుతో పోయేటప్పుడు సాలూరులో ఎక్కుతారు, కేశ్‌కాల్లో దిగుతారు. రిటర్న్ లోడు దొరికితే సాలూరు ఘాట్ దిగాల్సింది కూడా బరువుతోనే. పోయేటప్పుడు సులువుగా ఎక్కేశాం కదా అన్న ధీమా తిరుగు ప్రయాణంలో పనికిరాదు.

రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా చింతూరు వెళ్లే రోడ్డు ఇరుకు, మలుపులు గట్టివి. పెద్ద బండ్లను ఆ రోజు వదులుతున్నారో లేదో చెక్‌పోస్టు దగ్గర అడిగాకే ఎక్కండి. మధ్యలోకి వెళ్లాక వెనక్కి తిప్పుకునే చోటు దొరకదు.

ఇంకో సంగతి వేళ. భీమవరంలోనో తాడేపల్లిగూడెంలోనో సాయంత్రం లోడింగ్ ముగించుకుని బయల్దేరిన లారీ సాలూరు చేరేసరికి తెల్లవారుజాము అవుతుంది. కళ్లు మూతలు పడేదీ అప్పుడే, చలికాలంలో మంచు దట్టంగా దిగేదీ అప్పుడే. కింద రెండు గంటలు పడుకుని వెలుగొచ్చాక ఎక్కితే పోయేదేం లేదు.

బయల్దేరే ముందు

మొదట బ్రేకులు. ఘాట్ ప్రయాణం ఉందని తెలిసిన రోజు ఈ పరీక్ష లేకుండా గేటు దాటకండి.

చదును నేల మీద బండి ఆపి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టి, గాలి నిండాక ఇంజిన్ ఆపి హ్యాండ్ బ్రేకు వదలండి. ఇప్పుడు ఒక్కో చక్రం దగ్గరికి వెళ్లి స్లాక్ అడ్జస్టర్ చేతిని, అంటే గాలి డబ్బా రాడ్డునూ బ్రేకునూ కలిపే చేతిని, గట్టిగా లాగి చూడండి. బ్రేకు ఛాంబర్ (ఆ గాలి డబ్బా) రాడ్డు అంగుళం కంటే ఎక్కువ బయటికి వస్తే ఆ చక్రానికి అడ్జస్ట్‌మెంట్ పోయినట్టే. ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉన్న బండిలో అలా కనిపిస్తే ఊరికే స్పానర్ పెట్టి తిప్పి సరిపెట్టుకోకండి. అది తనంతట తాను బిగించుకోవాలి కదా, ఎందుకు బిగించుకోలేదు? అడ్జస్టరే పాడై ఉంటుంది, లేదా ఎస్ క్యామ్ (బ్రేకును తెరిచే ఇరుసు) బుష్‌లు అరిగి ఉంటాయి. చేత్తో బిగిస్తే నాలుగు రోజుల్లో మళ్లీ అక్కడికే వస్తుంది.

తర్వాత గాలి. మీటరులో ప్రెషర్ పూర్తిగా ఎక్కాక ఇంజిన్ ఆపి, బ్రేకు పెడల్ పూర్తిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. తొక్కగానే పడేది పోనిచ్చి, ఆ తర్వాత నిమిషంలో 0.2 బార్ కంటే ఎక్కువ పడితే ఎక్కడో లీకు ఉంది. క్లీనర్‌ను కింద చెవి పెట్టి వినమంటే బుస్సుమనే చోటు దొరుకుతుంది. గాలి ట్యాంకుల డ్రెయిన్ వాల్వులు లాగి నీళ్లు వదలండి. మన గాలిలో తేమ ఎక్కువ, ట్యాంకులో నీళ్లు చేరడం మామూలే. డ్రెయిన్ నుంచి నీళ్లతో పాటు నూనె కూడా వస్తుంటే కంప్రెసర్‌నీ, ఎయిర్ డ్రయర్‌నీ మెకానిక్‌కు చూపించాలి.

చేపలు, రొయ్యలు తోలే బండ్లకు ఇంకో తిప్పలుంది. ఐసు కరిగిన ఉప్పు నీళ్లు రోజూ ఛాసిస్ మీద, వెనక హౌసింగ్ మీద కారుతుంటాయి. బ్రేకు పైపుల క్లిప్పుల దగ్గర, స్ప్రింగ్ బ్రేకు (గాలి పోతే స్ప్రింగ్ బలంతో పట్టేది) ఛాంబర్ బిగించే బ్యాండు దగ్గర తుప్పు పట్టేది ఇందువల్లే. పైన పెయింటు బాగానే కనిపిస్తుంది, క్లిప్పు కింద పైపు పొరలు పొరలుగా లేచి ఉంటుంది. వారానికోసారి మంచినీళ్లతో కింద కడిగించి, ఆ క్లిప్పుల కింద గోరుతో గీకి చూడండి.

డ్రమ్ముకు ఒరుసుకునే లైనర్లు రివెట్ తలల దాకా అరిగితే మార్చాల్సిందే. ఒకే యాక్సిల్‌కు ఎడమ పక్క కొత్తవి, కుడి పక్క పాతవి వేయించకండి, బ్రేకు పడినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. ముందు టైర్లు రీబటన్ చేసినవి వద్దు. వెనక జోడు టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడండి.

ఎగ్జాస్ట్ బ్రేకు అంటే పొగ పోయే గొట్టాన్ని పలకతో మూసి ఇంజిన్‌తోనే బండిని బిగబట్టేది. అది పనిచేస్తోందో లేదో ఘాట్ మీద తెలుసుకోకూడదు. హైవే మీద వెనక బండ్లు లేనప్పుడు, నాలుగో గేరులో 40 మీద ఉండగా రేసు వదిలి స్విచ్ వేయండి. శబ్దం మారాలి, వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు బండి బిగియాలి. అలా అనిపించకపోతే లోపలి పలక మసితో ఇరుక్కుని ఉండొచ్చు, గాలి పైపు ఊడి ఉండొచ్చు. చిన్న రిపేరే, కానీ చాలా బండ్లలో ఈ స్విచ్ సంవత్సరాల తరబడి ముట్టుకోకుండా ఉంటుంది. చదును రోడ్డు మీద దాని అవసరం రాదు మరి.

లోడు సంగతి

బియ్యం బస్తాలు వంద కిలోమీటర్లు పోయేసరికి సర్దుకుంటాయి. బయల్దేరేటప్పుడు వీణ తీగలా ఉన్న తాడు రాజమండ్రి, తుని దాటేసరికి వదులవుతుంది. ఘాట్ కింద ఆగి తాళ్లన్నీ మళ్లీ బిగించండి. కొబ్బరికాయల లోడు, పీచు లోడు ఎత్తుగా ఉంటాయి. మలుపులో బండి ఒరిగేది ఆ ఎత్తు వల్లే. చేపల పెట్టెల మధ్య ఐసు కరిగేకొద్దీ ఖాళీ ఏర్పడుతుంది, పై వరస పెట్టెలు జారతాయి. బరువంతా తోక వైపు వేయించకండి. ఎక్కేటప్పుడు ముందు యాక్సిల్ తేలికై స్టీరింగ్ మాట వినదు.

అయిదు టన్నులు అదనంగా వేసుకుంటే, పైన చెప్పిన 35 సార్లకు మరో ఆరుసార్లు కలిసినట్టు. దొరికితే 20,000 రూపాయల జరిమానా, పైగా అదనపు టన్నుకు 2,000 చొప్పున. ఓనరు కిరాయి చూసుకుంటాడు, డ్రమ్ముల వేడి చూసుకోవాల్సింది మీరు.

ఎక్కేటప్పుడు

ఎక్కడంలో తప్పు జరిగితే బండి ఆగిపోతుంది, దిగడంలో జరిగితే ఆగదు. కాబట్టి ఎక్కడం గురించి నాలుగు మాటలు చాలు.

ఎత్తు కనిపించగానే, ఇంజిన్ మూలగకముందే ఒక గేరు తగ్గించండి. ఆలస్యం చేస్తే క్లచ్ తొక్కిన ఆ రెండు సెకన్లలోనే బండి వేగం పడిపోతుంది, వేద్దామనుకున్న గేరు కూడా సరిపోదు. మలుపులో గేరు మార్చకండి, మలుపుకు ముందే మార్చి లోపలికి వెళ్లండి. ముందు లారీకి కనీసం 50 మీటర్ల దూరం ఉంచండి, అది వెనక్కి జారితే మీకు తప్పుకునే చోటుండాలి.

వేడి మీటరు ఎర్ర గీత వైపు పోతుంటే వెడల్పు చోటు చూసి ఆపి, ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనివ్వండి. వెంటనే ఆపేస్తే నీళ్లు తిరగడం ఆగి వేడి లోపలే ఉండిపోతుంది. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి.

మధ్యలో ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేసి, క్లీనర్‌తో వెనక చక్రానికి అడ్డు పెట్టించి, ఆ తర్వాతే మీరు దిగండి. మళ్లీ కదిలేటప్పుడు మొదటి గేరు వేసి, క్లచ్ వదులుతూ ఇంజిన్ శబ్దం బరువెక్కి క్యాబిన్ కాస్త లేచినట్టు అనిపించాక హ్యాండ్ బ్రేకు తీయండి. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, నిబంధన అదే. ఎదుటివాడికి తెలిసి ఉంటుందన్న నమ్మకంతో మాత్రం ముందుకు పోకండి.

హెయిర్‌పిన్ మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎడమ మలుపులో ఇది మరీ ఇబ్బంది. కుడి పక్కకు, అంటే ఎదురు బండ్ల దారిలోకి వెళ్లి తిప్పితే తప్ప పొడవు బండి రాదు. హారన్ కొట్టి, పై రోడ్డులో ఎవరూ రావడం లేదని చూసుకున్నాకే వెళ్లాలి. కనిపించకపోతే క్లీనర్‌ను ముందు దింపి చెయ్యి చూపించమనండి.

దిగేటప్పుడు

పైన, దిగుడు మొదలవకముందే ఆగండి. పది నిమిషాలు చాలు. చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి, గాలి మీటరు నిండుగా ఉందో లేదో చూసి, ఎగ్జాస్ట్ బ్రేకు స్విచ్ వేసుకోండి.

గేరు ఇక్కడే వేసుకోవాలి. ఆ ఎత్తును ఏ గేరుతో ఎక్కుతారో ఆ గేరుతోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట. లోడు నిండుగా ఉంటే దానికంటే ఒకటి తక్కువ వేసుకోవడం ఇంకా మంచిది. ఆరు గేర్ల లారీకి మామూలు దిగుడులో మూడో గేరు, నిటారు ముక్కల్లో రెండో గేరు. తొమ్మిది గేర్ల బండి అయితే లో రేంజ్ (కింది గేర్ల వరస) లోనే ఉండండి, దిగుడు మధ్యలో రేంజ్ స్విచ్ మార్చకండి. సగం దిగాక వేగం ఎక్కువైందని గేరు తగ్గించబోతే, ఆ వేగంలో కింది గేరు పడదు. పైది తీసేశారు, కిందిది పడలేదు, బండి న్యూట్రల్‌లో ఉంది. ఘాట్ మీద దీనికంటే చెడ్డ స్థితి లేదు. తప్పనిసరిగా మార్చాలంటే ముందు బ్రేకుతో మనిషి నడిచే వేగానికి తెచ్చి, అప్పుడు మార్చండి.

ఎగ్జాస్ట్ బ్రేకు ఇంజిన్ గట్టిగా తిరుగుతున్నప్పుడే బాగా పట్టుకుంటుంది. పై గేరులో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే స్విచ్ వేసినా పెద్దగా లాభముండదు. శబ్దం ఎక్కువైందని కంగారు పడి పై గేరు వేసేవాళ్లున్నారు. మీటరు సూది ఎర్ర గీత దాటనంతవరకూ ఆ అరుపు మంచిదే. ఒక్క జాగ్రత్త. ఖాళీ బండి, తడి రోడ్డు అయితే ఎగ్జాస్ట్ బ్రేకు వెనక చక్రాలను జారించొచ్చు. అప్పుడు స్విచ్ ఆపి, వేగం ఇంకా తగ్గించుకుని దిగండి.

ఇక బ్రేకు. ఒక వేగం పెట్టుకోండి, 30 అనుకుందాం. గేరు పట్టి ఉంచినా బండి నెమ్మదిగా 30కి చేరుతుంది. చేరగానే గట్టిగా, మూడు సెకన్ల పాటు తొక్కి 22కి తెచ్చి, కాలు పూర్తిగా తీసేయండి. మళ్లీ 30కి వచ్చేదాకా పెడల్ ముట్టుకోకండి. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు, పెడల్ మీద కాలు ఆనించి కిందిదాకా లైట్‌గా తొక్కుతూనే ఉంటారు. మెత్తగా తొక్కుతున్నాం కదా అనుకుంటారు. కొంచెం గాలితో అన్ని చక్రాలూ సమానంగా పట్టవు, బాగా బిగించి ఉన్న రెండు మూడు చక్రాలే మొత్తం పని చేస్తాయి, అవే కాలిపోతాయి. ఊరికే కొట్టి కొట్టి వదలడమూ తప్పే, ప్రతి తొక్కుకూ గాలి ఖర్చవుతుంది, కంప్రెసర్ అంత త్వరగా నింపలేదు.

డ్రమ్ము వేడెక్కితే లోపల ఏమవుతుందో తెలిస్తే ప్రమాదాన్ని ముందే పసిగట్టొచ్చు. వేడికి ఇనుము వ్యాకోచించి డ్రమ్ము వెడల్పవుతుంది, అంటే లైనర్ నుంచి దూరం జరుగుతుంది. ఆ దూరం పూడ్చడానికి ఛాంబర్ రాడ్డు ఇంకా ముందుకు రావాలి. ముందే అడ్జస్ట్‌మెంట్ వదులుగా ఉన్న చక్రానికి ఆ రాడ్డు చివరిదాకా వచ్చేసి ఆగిపోతుంది. ఇంకెంత తొక్కినా ఆ చక్రం పట్టదు. మరోపక్క లైనర్ కూడా కాలి నున్నబడి జారుతుంది. మోసం ఎక్కడుందంటే, కారులో అయితే పెడల్ మెత్తబడి కాలికి తెలుస్తుంది. గాలి బ్రేకులో పెడల్ ఎప్పటిలాగే ఉంటుంది, మీటరు నిండుగా చూపిస్తుంది, బండి మాత్రం ఆగదు. కాబట్టి కాలిని నమ్మకండి. ఇందాక మూడు సెకన్లు తొక్కితే 22కి వచ్చిన బండి ఇప్పుడు అయిదు సెకన్లు తీసుకుంటోందా? కాలిన వాసన వస్తోందా? అద్దంలో వెనక చక్రం దగ్గర పొగ కనిపిస్తోందా? వీటిలో ఒక్కటి కనిపించినా బండి ఆగే శక్తి ఉన్నప్పుడే ఆపేయండి. ఇంకో రెండు మలుపులే కదా అనుకోవద్దు.

న్యూట్రల్‌లో దింపితే డీజిల్ మిగులుతుందన్న మాట ఇంకా తిరుగుతూనే ఉంది. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి రేసు వదిలితే డీజిల్ పోయడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తిరగడానికి ఎంతో కొంత పోయాల్సిందే. మిగులు లేకపోగా పైన చెప్పిన 35 సార్ల భారమంతా డ్రమ్ముల మీద పడుతుంది. ఇంజిన్ ఆపి దించేవాళ్లకు గాలి నింపే కంప్రెసరూ ఆగుతుంది, పవర్ స్టీరింగూ బిగుస్తుంది.

బ్రేకు పట్టకపోతే

మొదటి పది సెకన్లే మీవి, వేగం తక్కువగా ఉండేది అప్పుడే. గేరు తీయకండి, ఇంజిన్ ఆపకండి, ఎగ్జాస్ట్ బ్రేకు వేసే ఉంచండి. హెడ్‌లైట్లు వేసి హారన్ మీద చెయ్యి తీయకండి. హ్యాండ్ బ్రేకు లివరును కొద్దికొద్దిగా లాగి చూడండి, కానీ అది కూడా అవే వేడెక్కిన డ్రమ్ములను పట్టుకునేది కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకండి. గాలి పోయి బజరు మోగుతుంటే మాత్రం తేడా ఉంటుంది, స్ప్రింగ్ బ్రేకు తనంతట తానే పడుతుంది, చక్రాలు బిగుసుకుంటాయని స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి.

తర్వాత చూడాల్సింది కొండ పక్క. బండిని కొండ వైపు కాలువలోకో, మట్టి కట్టకో ఆనించి రాపిడితో ఆపాలి. వేగం 30, 40 ఉండగానే ఈ నిర్ణయం తీసుకుంటే బంపరు, తలుపు పోతాయి. 70 దాటాక తీసుకుంటే బండి బోల్తా పడుతుంది. ఇసుక పోసిన ఎస్కేప్ ర్యాంపు గానీ, పక్కకు ఎక్కే మట్టి దారి గానీ కనిపిస్తే సందేహించకుండా ఎక్కించండి. దూకకండి, క్లీనర్‌నూ దూకనివ్వకండి.

దిగాక

కింద మొదటి వెడల్పు చోట ఆగండి. చదునుగా ఉంటే బండిని గేరులో పెట్టి, అడ్డు చెక్కలు వేసి, డ్రమ్ములు చల్లారేదాకా హ్యాండ్ బ్రేకు వేయకుండా ఉంచితే మంచిది. మండుతున్న డ్రమ్మును బిగించి ఉంచితే వంకర పోవచ్చు. నీళ్లు పోయకండి. ఘాట్ కింద బకెట్లతో డ్రమ్ముల మీద నీళ్లు కొట్టడం మామూలుగా కనిపించేదే, డ్రమ్ములు పగిలేదీ దానివల్లే. పొగలు ఆగకుండా వస్తుంటే టైరు అంటుకునే ప్రమాదముంది, మంటలార్పే సిలిండరు చేతిలో పెట్టుకుని చూడండి. మంట లేచిందంటే వేరే మాట, అప్పుడు నీళ్లయినా మట్టయినా సరే, ముందు ఆర్పాలి. సాయానికి ఫోను చేయాలంటే జాతీయ రహదారి మీద 1033, ఎక్కడైనా 112, గాయాలైతే 108.

వేడి కొంత తగ్గాక ప్రతి చక్రం దగ్గరా అరచేతి వెనక పక్కను డ్రమ్ముకు కాస్త దూరంలో పెట్టి చూడండి, తాకకండి. అన్నీ ఇంచుమించు ఒకే వేడితో ఉండాలి. ఒకటి మాత్రం మరీ సెగ కొడుతుంటే అది వదలకుండా పట్టి ఉంటోంది. ఒకటి చల్లగా ఉంటే ఘాట్ అంతా అది పనే చేయలేదు, దాని భారం మిగతావి మోశాయి. ఆ చల్లటి చక్రం నంబరు సుద్దతో రాసుకుని, తర్వాతి ఘాట్ రాకముందే విప్పించండి.

కదిలేముందు చక్రం కింద పెట్టిన అడ్డు తీసి బండిలో వేసుకోండి. చెక్క లేక రాయి పెట్టి ఉంటే దాన్ని కాలితో తన్నడం కాదు, ఎత్తి రోడ్డు అవతల పడేయండి. రాత్రి మంచులో మోటారు సైకిలు మీద వచ్చేవాడికి ఆ రాయి కనిపించదు.